డ్రాప్‌డౌన్‌లో లేని బండికి ఇన్సూరెన్స్: కలెక్టర్ కారుకూ కిట్ కారుకూ ఏ పాలసీ?

నా బగ్గీకి తలుపుల్లేవు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఛాసిస్ మీద తొట్టిలాంటి ఫైబర్‌గ్లాస్ బాడీ బిగించిన కిట్ కారు అది, అంటే భాగాలు కొనుక్కుని ఇంట్లోనే కట్టుకున్నది. మొదటిసారి ఇన్సూరెన్స్ చేయించేటప్పుడు ఆన్‌లైన్ ఫారం మోడల్ పేరు ఎంచుకోమంది. జాబితా కింది దాకా జరిపి చూశాను, నా బండిలాంటిదేదీ లేదు. ఫోన్ చేస్తే అవతలాయన "ఇంజిన్ బీటిల్‌దే కదండీ, బీటిల్ అని పెట్టేయండి, ఏం కాదు" అన్నాడు. పెట్టేశాను.

రెండేళ్ల తర్వాత ముందు భాగం పగిలింది. నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చాడు. ఒక చేతిలో పాలసీ కాగితం, ఇంకో చేతిలో పెన్ను. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కాగితం చూసి, మళ్లీ బండి చూసి, "రెండు తలుపుల సెడాన్ అని ఉందండీ. తలుపులేవి?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. క్లెయిమ్ పూర్తిగా తిరగ్గొట్టలేదు, అది నా అదృష్టం. పాత బీటిల్‌కి ఎంత ఇస్తారో అంతే లెక్కగట్టారు. నేను కొన్న బాడీ, పోయించిన రంగు, వారాంతాలన్నీ కూర్చుని చేసిన వైరింగ్, ఇవేవీ లెక్కలోకి రాలేదు. పాలసీ ప్రకారం నా బండిలో అవి లేనే లేవు మరి.

అప్పటినుంచి పాలసీ చేతికొస్తే ప్రీమియం అంకె ఆఖర్న చూస్తాను. ముందు చూసేవి రెండే. బండిని కాగితం మీద ఏమని పిలిచారు? దాని విలువ ఎప్పుడు తేలుస్తారు, ప్రమాదానికి ముందా, తర్వాతా? కలెక్టర్ కారుకైనా (ముచ్చటపడి దాచుకునే పాత బండి), కిట్ కారుకైనా పాలసీల మధ్య అసలు తేడా అంతా ఈ రెండింట్లోనే ఉంటుంది.

విలువ తేలేది ఎప్పుడు

రోజూ తిరిగే కారుకిచ్చే మామూలు పాలసీలో విలువ ప్రమాదం జరిగాక తేలుతుంది. ఆ రోజు మార్కెట్‌లో ఆ మోడల్, ఆ సంవత్సరం బండి ఎంత పలుకుతుందో చూసి, తరుగు తీసేసి ఇస్తారు. నిన్నగాక మొన్న షోరూమ్ నుంచి తెచ్చిన హ్యాచ్‌బ్యాక్‌కి ఈ పద్ధతి సరిపోతుంది, ఎందుకంటే అలాంటివి వేలకొద్దీ అమ్ముడవుతున్నాయి, ధర ఎవరినడిగినా చెబుతారు. యాభై ఏళ్ల నాటి బండికి మాత్రం ఈ లెక్క తలకిందులు. దానికి వయసు పెరిగేకొద్దీ విలువ తగ్గడం ఎప్పుడో ఆగిపోయింది. బాగుచేసి ఉంచితే పెరుగుతోంది కూడా. తరుగు పట్టిక పట్టుకుని కూర్చున్న కంపెనీకి అది పాత ఇనుము.

రెండోది అగ్రీడ్ వాల్యూ. పాలసీ మొదలయ్యే రోజే మీరూ కంపెనీ కూర్చుని ఒక అంకె ఒప్పుకుంటారు. బండి పూర్తిగా పోతే, అంటే దొంగతనమైనా, కాలిపోయినా, బాగుచేయలేనంతగా నలిగినా, ఆ అంకె ఇస్తారు. డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మన వాటాగా భరించాల్సిన మొత్తం, ఉంటే అది మినహాయించుకుంటారు. బేరం ముందే అయిపోయింది కాబట్టి తర్వాత వాదించేదేమీ ఉండదు. కలెక్టర్ కార్లకు ప్రత్యేకంగా పాలసీలిచ్చే కంపెనీలు అమ్మేది ప్రధానంగా దీన్నే.

మూడోది స్టేటెడ్ వాల్యూ. జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. పేరు వింటే అగ్రీడ్ వాల్యూకి అన్నదమ్ములా ఉంటుంది. ఫారంలో "మీ బండి విలువ ఎంత?" అని అడుగుతారు, మీరు ఒక అంకె రాస్తారు, ప్రీమియం ఆ అంకె మీదే కట్టించుకుంటారు. షరతుల్లో మాత్రం ఒక చిన్న వాక్యం ఉంటుంది: మీరు చెప్పిన విలువ, నష్టం జరిగిన రోజు మార్కెట్ విలువ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది చెల్లిస్తాం. బండి విలువ వంద అని రాసి వందకి ప్రీమియం కట్టారనుకోండి. పోయిన రోజున కంపెనీ దాన్ని అరవైకి లెక్కగడితే మీకొచ్చేది అరవై. మార్కెట్‌లో నూట ఇరవై పలికినా వంద దాటి రాదు. ఎటు చూసినా నష్టం మీదే. అమెరికాలో మామూలు కార్లకు ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీలు పాత బండికి "మేమూ కవర్ ఇస్తాం" అన్నప్పుడు చాలాసార్లు చేతిలో పెట్టేది ఈ రకమే.

కాబట్టి పేరుని నమ్మకండి, వాక్యం వెతకండి. "టోటల్ లాస్ అయితే ఏ మొత్తం చెల్లిస్తారు?" అన్న ప్రశ్నకి షరతుల్లో ఉన్న జవాబు చదవండి. అక్కడ "ఏది తక్కువైతే అది" అని గానీ, "గరిష్ఠంగా" అని గానీ, "మించకుండా" అని గానీ కనబడితే అది అగ్రీడ్ వాల్యూ కాదు. ఏజెంట్ నోటితో ఏం చెప్పినా సరే. "అదే కదండీ, రెండూ ఒకటే" అన్న ఏజెంట్లు నాకు ఇద్దరు తగిలారు. ఇద్దరూ మంచివాళ్లే, వాళ్లకీ తెలియదు.

భారత్‌లో ఈ సంగతి కొంచెం వేరు. అక్కడ పాలసీలో రాసే ఐడీవీ (బండికి ప్రకటించే విలువ) మొదటి ఐదేళ్లు తరుగు పట్టిక ప్రకారం తగ్గుతుంది. ఐదేళ్లు దాటిన బండికీ, తయారీ ఆగిపోయిన మోడల్‌కీ కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకున్న అంకె వేస్తారు. అంటే పాత బండి యజమానికి బేరమాడే హక్కు అక్కడ మొదటినుంచీ ఉంది, వాడుకునేవాళ్లే తక్కువ. ఏజెంట్ కంప్యూటర్ చూపించిన అంకెకి తలూపేసి వచ్చేస్తారు. ఇది కాక 2002 నాటి ఇండియన్ మోటార్ టారిఫ్‌లో ఐఎంటీ 2 అని ఒక ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి అదనంగా చేర్చే షరతు, ఉంది. వింటేజ్ కార్లకు మాత్రమే వర్తించే అగ్రీడ్ వాల్యూ క్లాజు అది. వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉన్న బండికి ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) ప్రీమియంలో 25 శాతం తగ్గింపు కూడా ఆ టారిఫ్‌లోనే పెట్టారు. థర్డ్ పార్టీ ప్రీమియంలో వింటేజ్‌గా రిజిస్టరైన ప్రైవేటు కారుకి 50 శాతం తగ్గింపు 2022లో వచ్చింది. ఈ పేర్లూ నంబర్లూ తెలిసి అడిగినవాడికీ, "పాత కారండీ, ఏదో ఒకటి చేయండి" అన్నవాడికీ వచ్చే పాలసీలు ఒకేలా ఉండవు.

అగ్రీడ్ వాల్యూ అన్నంత మాత్రాన నోటికొచ్చిన అంకె ఒప్పుకోరు. ఫోటోలు అడుగుతారు, ఇటీవలి వేలం ధరలు చూస్తారు, ఖరీదైన బండైతే వాల్యుయేషన్ రిపోర్టు తెమ్మంటారు. ఇక్కడ బండి ప్రేమికులు చేసే పొరపాటు ఒకటుంది. బాగుచేయడానికి పెట్టిన ఖర్చంతా కూడి అదే విలువ అంటారు. వంద విలువ చేసే బండి మీద నూట యాభై ఖర్చు పెట్టడం మన లోకంలో వింతేమీ కాదు, నేనూ పెట్టాను. మార్కెట్ మాత్రం ఆ బండికి వందే ఇస్తుంది. మార్కెట్ విలువే అడగాలా, మళ్లీ అలాంటి బండి తయారు చేయించుకోవడానికయ్యే ఖర్చు అడగాలా అన్నది కంపెనీతో తేల్చుకోవాల్సిన విషయం. కొన్ని ప్రత్యేక కంపెనీలు బిల్లులు చూపిస్తే రెండోదానికి దగ్గరగా వస్తాయి.

ఒప్పుకున్న అంకెని అలా వదిలేయకూడదు కూడా. ఐదేళ్ల కిందటి అంకెతోనే ఏటా రెన్యువల్ నొక్కేస్తుంటే, బండి విలువ రెట్టింపైనా చేతికొచ్చేది పాత అంకే.

ప్రీమియం తక్కువ, కట్టుబాట్లు ఎక్కువ

ప్రత్యేక కలెక్టర్ పాలసీ చాలాసార్లు మామూలు పాలసీ కంటే చవగ్గా వస్తుంది. వినడానికి వింతగా ఉన్నా కారణం సులువే. ఆ బండి ఏడాదిలో ఎక్కువ రోజులు కవరు కింద నిద్రపోతుంది, బయటికొచ్చినప్పుడు నడిపేవాడు దాన్ని పసిపాపలా చూసుకుంటాడు. కంపెనీ ఆ నమ్మకం మీదే ధర తగ్గిస్తుంది. ఆ నమ్మకాన్నే షరతులుగా రాస్తుంది.

ఇంట్లో లైసెన్స్ ఉన్న ప్రతి ఒక్కరికీ రోజువారీ వాడకానికి వేరే కారుండాలి అంటారు. ఆఫీసుకీ కాలేజీకీ దీంట్లో వెళ్లకూడదు. తాళం వేసే గ్యారేజీ ఉండాలి. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అని హద్దు పెట్టే పాలసీలున్నాయి, అంకె పెట్టకుండా "సరదా ప్రయాణాలు, ప్రదర్శనలు, క్లబ్ ర్యాలీలు" అని మాటల్లో హద్దు గీసేవీ ఉన్నాయి. అంకె పెట్టిన పాలసీయే నాకు ఇష్టం. ఓడోమీటర్ చూస్తే తెలిసిపోతుంది. "సరదా" అంటే ఏమిటో క్లెయిమ్ రోజున ఎవరు నిర్ణయిస్తారు? ఆదివారం పొద్దున షికారు వెళ్లి, వచ్చేటప్పుడు కూరగాయల దగ్గర ఆపితే అది సరదానా, పనా? నవ్వులాటగా అనిపించినా ఈ ప్రశ్న ముందే అడిగి జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. చాలా కంపెనీలు అప్పుడప్పుడు ఇలా ఆపడాన్ని పట్టించుకోవు, కానీ "పట్టించుకోం" అన్న మాట రాతలో ఉండాలి.

ట్రాక్ డేలు, రేసులు, టైమ్ చూసి నడిపే పోటీలు దాదాపు ప్రతి రోడ్డు పాలసీలోనూ మినహాయింపే. ట్రాక్ మీదికి తీసుకెళ్లాలనుకుంటే దానికి విడిగా రోజు లెక్కన కవర్ దొరికే చోట తీసుకోవాలి. పెళ్లికి అద్దెకిస్తే అది వాణిజ్య వాడకం. బావమరిది పెళ్లికి ఉచితంగా ఇస్తే కాదు, కానీ నడిపేది ఎవరు అన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది. పాలసీలో పేరున్న డ్రైవరేనా?

చట్టమే వాడకానికి హద్దు గీసే చోట్లు కూడా ఉన్నాయి. భారత్‌లో 2021 నాటి నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అన్న అక్షరాలొస్తాయి, రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో బండిని రోజువారీ పనులకీ వాణిజ్యానికీ తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, ఇంధనం పోయించుకోవడం, మరమ్మతు, ఇలాంటి వాటికే. రోజూ నడపాలన్న కోరిక ఉన్నవాళ్లు వీఏ నంబరుకి వెళ్లేముందు ఆలోచించాలి. తక్కువ ప్రీమియం కోసం వింటేజ్ చేయించి, రోజూ తిప్పుతూ పట్టుబడితే పోయేది జరిమానా ఒక్కటే కాదు, క్లెయిమ్ కూడా.

ఇక కొందరు బండిని ఏడాదంతా కదపరు. వాళ్లకి లెయిడ్-అప్ కవర్ ఉంటుంది. రోడ్డు మీద జరిగేవేవీ ఉండవు, నిలిపి ఉన్న చోట జరిగేవి మాత్రం ఉంటాయి: మంటలు, దొంగతనం, పైకప్పు కూలడం. నిలిపి ఉన్న బండికి ఏమవుతుందిలే అనుకునేవాళ్లకి అమెరికాలోని బౌలింగ్ గ్రీన్‌లో ఉన్న కార్వెట్ స్పోర్ట్స్ కార్ల మ్యూజియం గుర్తుచేస్తాను. 2014 ఫిబ్రవరి 12న తెల్లవారుజామున మ్యూజియం లోపల నేల కుంగి ఎనిమిది కార్వెట్‌లు గోతిలో పడిపోయాయి. నడిపినవాడు లేడు, గుద్దినవాడూ లేడు. బ్రిటన్‌లోనైతే ఇంకో మెలిక: 2011 నుంచి బండి రోడ్డెక్కకపోయినా ఇన్సూరెన్స్ ఉండాల్సిందే, లేదంటే సార్న్ అనే ప్రకటన ఇచ్చి రోడ్డు మీద లేదని రాయించుకోవాలి. సార్న్ ఇచ్చాక చట్టం ఇన్సూరెన్స్ అడగదు. మంట మాత్రం సార్న్ చూసి ఆగదు కాబట్టి అలాంటి బండికే లెయిడ్-అప్ పాలసీ పనికొచ్చేది.

కిట్ కారు: ముందు దానికి పేరు పెట్టాలి

కలెక్టర్ కారు ఏ ఫ్యాక్టరీలో, ఏ ఏడు, ఏ నంబరుతో పుట్టిందో తెలుసు. కిట్ కారుకి ఆ పుట్టుపూర్వోత్తరాలు ఉండవు. ఇంజిన్ ఒక బండిది, గేర్‌బాక్స్ ఇంకోదానిది, ఛాసిస్ కిట్ అమ్మిన కంపెనీది, బాడీ చూడటానికి మూడోదానిలా. కంపెనీకి మీ బండి మంచిదా కాదా అన్న బెంగ కంటే అది ఏమిటన్న బెంగ ఎక్కువ.

షెల్బీ కోబ్రా అనే స్పోర్ట్స్ కారు సంగతే చూడండి. 1960లలో తయారైన అసలు కోబ్రాలు వెయ్యి లోపే. ఆ రూపంతో తర్వాత తయారైన నకళ్లు వాటికి ఎన్నో రెట్లు. సీఎస్‌ఎక్స్ 2000 అనే నంబరున్న మొట్టమొదటి కోబ్రా 2016లో 137.5 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. ఇంటి గ్యారేజీలో కట్టుకున్న నకలుకి ఆ విలువలో వందో వంతు కూడా రాదు. ఇప్పుడు ఆ నకలు రిజిస్ట్రేషన్ మీద "1965 కోబ్రా" అని మాత్రమే ఉందనుకోండి. కంపెనీ కళ్లకి అది రెండు రకాలుగా కనబడుతుంది. అసలుదని చెప్పి మోసం చేస్తున్నాడు అని ఒకటి, ఏదో పాత బండి అని ఇంకొకటి. రెండూ మీకు మేలు చేయవు. "రెప్లికా" అన్న మాట చిన్నతనమనిపించినా, పాలసీలో ఆ మాట ఉండటమే మీకు రక్ష.

ఇసుక దిబ్బల మీద నడిపే డ్యూన్ బగ్గీల్లోనూ ఇదే కథ. 1964లో బ్రూస్ మేయర్స్ తయారుచేసిన మాంక్స్ అనే బగ్గీని చూసి ఎందరో నకళ్లు పోశారు. ఆయన కోర్టుకి వెళ్లి ఓడిపోయాడు. దాంతో నకళ్లకి అడ్డు లేకుండా పోయింది. అసలు మాంక్స్‌కీ నకలుకీ విలువలో చాలా దూరం. నాది నకలే, ఆ మాట పాలసీలో ఉంది.

రిజిస్ట్రేషన్ దగ్గర ఏ దేశం పద్ధతి దానిది. బ్రిటన్‌లో కొత్తగా కట్టిన కిట్ కారు ఐవీఏ అనే పరీక్ష దాటాలి. మూలం తేల్చలేని బండికి క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరిస్తారు. కొన్ని కంపెనీలు క్యూ నంబరు చూడగానే మాకొద్దంటాయి, కిట్ కార్ల కోసమే ఉన్నవి పట్టించుకోవు. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. కాలిఫోర్నియాలో "ప్రత్యేకంగా నిర్మించిన వాహనం" అన్న వర్గం కింద, పొగ నిబంధనల్లో వెసులుబాటుతో, ఏటా 500 బండ్లకి చోటిస్తారు. భారత్‌లో పరిస్థితి వేరే. ఆర్సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. ఆర్సీ ఒకటి చెబుతూ బండి ఇంకోటిగా ఉంటే, ఏ కంపెనీ ఎంత తీపిగా మాట్లాడి పాలసీ ఇచ్చినా దాన్ని నమ్ముకోలేం. ముందు ఆర్సీ, తర్వాత ఇన్సూరెన్స్. ఈ వరస ఎక్కడైనా ఇంతే.

కిట్ కారుకి ఇంకో దశ కూడా ఉంది, చాలామంది మర్చిపోయేది: కడుతున్న కాలం. ఏడాదో రెండేళ్లో, నిజం చెప్పుకోవాలంటే నాలుగేళ్లో, అది బండి కాదు, పెట్టెల్లో సామాను. గ్యారేజీలో ఇంజిన్ ఒక మూల, సీట్లు ఇంట్లో బీరువా పక్కన. దీనికి మోటారు పాలసీ వర్తించదు, ఇంకా మోటారు వాహనమే కాదు కనుక. ఇంటి పాలసీ కూడా చాలాసార్లు మోటారు విడిభాగాలని పక్కనపెడుతుంది. రెండు పాలసీల మధ్య పడిపోయే ఈ సామానుకే బిల్డ్-అప్ కవర్. మంట, దొంగతనం, పని చేస్తుండగా జరిగే నష్టం దీంట్లోకి వస్తాయి. సామాను కొన్నకొద్దీ విలువ పెంచుకుంటూ పోవచ్చా, ప్రతిసారీ ఫోన్ చేయాలా, లేక కొన్ని కంపెనీల్లోలాగా దానంతటదే పెరుగుతుందా అన్నది అడిగి తెలుసుకోండి. నేను మొదటి నెల వేసిన విలువతోనే ఏడాదిన్నర గడిపాను. ఏమీ జరగలేదు కాబట్టి నవ్వుతూ చెబుతున్నాను.

కట్టడం పూర్తయ్యాక బిల్డ్-అప్ కవర్ రోడ్డు మీద పనికిరాదు. పరీక్షకి తీసుకెళ్లే ఒక్క ప్రయాణానికైనా రోడ్డు కవర్ ఉండాలి.

అప్పుడు ఇచ్చే వివరణే మిగతా అన్నిటికీ పునాది. కిట్ పేరు, కట్టింది ఎవరు, ఇంజిన్ ఏ బండిది, ఎన్ని సీసీ, ఎంత హార్స్‌పవర్, ఛాసిస్ నంబరు, బ్రేకులు ఏవి, బాడీ ఏ పదార్థం. ఒక్కటి కూడా దాచకండి. ఇంజిన్ మార్చి పాతదాని పేరే ఉంచితే ప్రీమియంలో మిగిలేది కొంచెం, క్లెయిమ్‌లో పోయేది మొత్తం. కడుతున్నప్పుడు దశదశలా తీసిన ఫోటోలు, ప్రతి బిల్లూ ఒక ఫోల్డరులో పెట్టి, దాని కాపీ గ్యారేజీకి దూరంగా ఉంచండి. గ్యారేజీతో పాటు బిల్లులూ కాలిపోతే దేని విలువని రుజువు చేస్తాం?

దెబ్బ తగిలాక

బండి పూర్తిగా పోవడం అరుదు. ఎక్కువగా జరిగేది పాక్షిక నష్టం, ఒక ఫెండరో ఒక అద్దమో. విచిత్రమేమిటంటే అగ్రీడ్ వాల్యూ గురించి గంట మాట్లాడే ఏజెంట్ దీని గురించి ఒక్క ముక్క చెప్పడు.

చూడాల్సింది తరుగు. భారత్‌లోని మామూలు ప్యాకేజీ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీ భాగాలకి 50 శాతం, ఫైబర్‌గ్లాస్‌కి 30 శాతం కోస్తారు. అద్దానికి కోత లేదు. లోహపు భాగాలకి బండి వయసుని బట్టి పెరుగుతూ పోయి పదేళ్లు దాటితే 50 శాతం. అంటే నలభై ఏళ్ల బండికి వెతికి వెతికి సంపాదించిన ఫెండరుకి సగం మీ జేబులోంచే. ఫైబర్ బాడీ కిట్ కారుకి బాడీ మొత్తం మీద 30 శాతం. ఇది అర్థమైతే పై అంకె ఎంత పెద్దగా ఒప్పుకున్నా చిన్న దెబ్బకి ఎందుకు నొప్పి పుడుతుందో తెలుస్తుంది. ప్రత్యేక కలెక్టర్ పాలసీల్లో ఈ కోత సాధారణంగా ఉండదు. నా లెక్కలో ఆ పాలసీలకున్న అసలు విలువ ఇదే.

తర్వాత మెకానిక్. కంపెనీ చెప్పిన గ్యారేజీలోనే చేయించాలా, మీకు నచ్చిన చోటికి తీసుకెళ్లొచ్చా? ఫైబర్‌గ్లాస్ అతకడం తెలియనివాడి చేతిలో పడితే పగులు మీద పుట్టీ మెత్తి రంగు కొట్టి ఇస్తాడు. ఆరు నెలల్లో సన్నటి గీతలు సాలెగూడులా తేలతాయి. పాత బండికి సొట్ట తీసే పనివాడు గంటకి తీసుకునే కూలీ, కొత్త బండికి ప్యానెల్ మార్చేవాడి కూలీ ఒకటి కాదు. ఆ తేడాని పాలసీ ఒప్పుకుంటుందా?

చివరిగా శిథిలం ఎవరిది? టోటల్ లాస్ సొమ్ము ఇచ్చాక బండి కంపెనీది అయిపోతుంది. మామూలు కారుకైతే ఎవరికీ పట్టదు. తాతగారి బండికి, చేతులారా కట్టుకున్న బండికి పడుతుంది. శిథిలాన్ని మీరే ఉంచుకునే వీలు, దానికెంత మినహాయిస్తారన్నది, పాలసీలో ముందే ఉంటే మంచిది. బ్రిటన్‌లో కొన్ని క్లాసిక్ పాలసీలు దీన్ని అదనపు సదుపాయంగా ఇస్తాయి. బండి నలిగిన రోజున బతిమాలుకోవడం కష్టం.

ఎవరికి ఏది

పాత బండినే రోజూ నడిపేవాళ్లకి, వేరే కారు లేనివాళ్లకి కలెక్టర్ పాలసీ దొరకదు, దొరికినా తీసుకోవద్దు. వాళ్లకి మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీయే సరి, కానీ విలువ అంకె దగ్గర గట్టిగా బేరమాడాలి, తరుగు కోత తగ్గించే యాడ్-ఆన్ ఆ వయసు బండికి ఇస్తారేమో కనుక్కోవాలి. చాలాచోట్ల ఇవ్వరు.

ఏడాదికి కొన్ని వేల కిలోమీటర్లు, వారాంతాలు, క్లబ్ మీట్‌లు, తాళం వేసే గ్యారేజీ ఉన్నవాళ్లు ఆలోచించకుండా అగ్రీడ్ వాల్యూ ఉన్న ప్రత్యేక పాలసీకి వెళ్లొచ్చు. ఆ పాలసీ దొరకక స్టేటెడ్ వాల్యూ ఒక్కటే చేతికొస్తే, దానికి ఎక్కువ అంకె రాసి ఎక్కువ ప్రీమియం కట్టడం శుద్ధ దండగ. మార్కెట్ విలువకి దగ్గరగా రాసి ఊరుకోండి.

ఫ్యాక్టరీ బండికే ఇంజిన్, సస్పెన్షన్ మార్చినవాళ్లది ఇంకో దారి. వాళ్ల బండి కలెక్టర్ కారూ కాదు, కిట్ కారూ కాదు. మాడిఫైడ్ కార్ల పాలసీ అడగాలి, మార్పులన్నీ జాబితాగా ఇవ్వాలి. మార్పుల విలువ కూడా కవర్ అవుతుందా, లేక మార్పులున్నాయని తెలుసుకుని ప్రీమియం మాత్రం పెంచి ఫ్యాక్టరీ భాగాలకే డబ్బిస్తారా అన్నది తేల్చుకోవాలి. రెండోదే ఎక్కువ.

కిట్ కారు కట్టినవాళ్లు కిట్ కార్లు తెలిసిన కంపెనీ దొరికే దాకా వెతకడమే మంచిది, ప్రీమియం కొంచెం ఎక్కువైనా. తెలిసిన కంపెనీని గుర్తుపట్టడం తేలిక. మీ బండి గురించి వాళ్లు అడిగే ప్రశ్నలు మిమ్మల్ని విసిగించాలి. డోనర్ (భాగాలు తీసుకున్న పాత బండి) ఏది, ఛాసిస్ ఎవరు వెల్డింగ్ చేశారు, ఫోటోలు ఎన్ని ఉన్నాయి అని గుచ్చిగుచ్చి అడిగితే సరైన చోటికి వచ్చారన్నమాట. రెండు నిమిషాల్లో "ఏం కాదు, పెట్టేయండి" అంటే ఫోన్ పెట్టేయండి.

నేను రెండోసారి అలాంటి చోటే చేయించాను. ఫోన్లో నలభై నిమిషాలు పట్టింది. ఆఖర్న పాలసీ వచ్చాక మొదటి పేజీ చూశాను. మోడల్ దగ్గర: ఫైబర్‌గ్లాస్ బాడీ డ్యూన్ బగ్గీ, రెప్లికా, ఇంట్లో నిర్మించినది, బీటిల్ ఛాసిస్. రంగు, సీట్లు, ఇంజిన్ సీసీ. దాని కింద వరసలో, తలుపులు: లేవు.